పరీక్షల పునశ్చరణకు ప్రశ్నల కార్డులు: మనకు ఏవి మేలు?



పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మన హాస్టల్ స్టడీ అవర్‌లో రెండే దృశ్యాలు కనిపిస్తాయి. కొందరు గైడు తెరిచి అదే పేజీని పదిసార్లు వల్లెవేస్తుంటారు. మరికొందరు నోట్సును మళ్లీ మొదటి నుంచి అందంగా కాపీ చేస్తుంటారు. ఇద్దరూ కష్టపడుతున్నారు, అందులో సందేహం లేదు. అయితే పరీక్ష హాలులో మనల్ని ఎవరూ చదవమనరు. పుస్తకం లేకుండా గుర్తు తెచ్చుకుని రాయమంటారు. మనం సాధన చేయాల్సింది కూడా ఆ గుర్తు తెచ్చుకోవడాన్నే.

చదువుకున్న ఇళ్లలో ఈ పని అమ్మో, నాన్నో, అక్కో చేయిస్తారు. పుస్తకం తమ చేతిలోకి తీసుకుని "ఏదీ, అప్పజెప్పు" అంటారు. మన ఇళ్లలో అమ్మానాన్నలు పొద్దున్నే కూలికి వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. చాలామందికి అక్షరాలు రావు. హాస్టల్లో వంద మందికి పైగా పిల్లలుంటే వార్డెన్ గారు గానీ ట్యూటర్ గారు గానీ ఒక్కొక్కరితో అప్పజెప్పించుకోలేరు. ఆ లోటును ఒక చిన్న అట్టముక్క తీరుస్తుంది. ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు రాసిన ఈ ముక్కనే ఫ్లాష్‌కార్డు అంటారు.

ఇందులో నిజంగా బలముందా?

జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రకటించాడు. నేర్చుకున్న మొదటి గంటల్లో మరుపు చాలా వేగంగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేల్చాడు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి పరీక్షించారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకొక జట్టు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత చూస్తే చదివిన జట్టుదే పైచేయి: వారికి 83 శాతం గుర్తుంది, రాసిన జట్టుకు 71 శాతమే. వారం తర్వాత మాత్రం లెక్క తిరగబడింది. చదివిన జట్టుకు 40 శాతం మిగిలితే, రాసిన జట్టుకు 61 శాతం మిగిలింది. మన పరీక్ష 5 నిమిషాల తర్వాత రాదు కదా! పైపైన వచ్చేసినట్టు అనిపించడం వేరు, వారం గడిచినా నిలవడం వేరు.

సాధనాలు నాలుగు రకాలు

1. మడిచిన నోటుబుక్కు పేజీ: పేజీని నిలువుగా మడవండి. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. ఖర్చు లేదు, పోయే భయం లేదు. ఒకటే లోపం. ప్రశ్నల వరుస మారదు కాబట్టి "దీని తర్వాత అది" అని వరుసే గుర్తుండిపోతుంది. ప్రశ్న ఒంటరిగా వస్తే తడబడతాం. ఎక్కాలను మొదటి నుంచి గడగడా చెప్పేవాడు "ఏడెనిమిదులు ఎంత?" అనగానే ఆగిపోవడం మీరు చూసే ఉంటారు.

2. చేతితో రాసిన కార్డులు: వీటిని పేకముక్కల్లా కలపవచ్చు. వచ్చినవి పక్కన పెట్టి, రానివాటినే మళ్లీ తిప్పవచ్చు. కరెంటు పోయినా పనికొస్తాయి. పాఠంలో ఏది ముఖ్యమో ఆలోచించి రాయడంతోనే సగం చదువు పూర్తవుతుంది.

3. కొన్న కార్డులు: అచ్చు బాగుంటుంది. కానీ మన సిలబస్‌కు సరిపోతాయన్న నమ్మకం లేదు. వేరొకరు ఆలోచించి రాసినవి కాబట్టి ఆ సగం చదువు మనకు దక్కదు.

4. ఫోను, కంప్యూటరు కార్డులు: 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారుచేసిన అంకి ప్రసిద్ధమైనది. జపాను భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడమని అర్థం. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితం. ఐఫోన్‌కు మాత్రం డబ్బు కట్టాలి. ఏ కార్డు ఏ రోజు చూడాలో అదే లెక్కవేసి చూపిస్తుంది. ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది. క్విజ్‌లెట్ అనే మరొకదాన్ని 2005లో ఆండ్రూ సదర్లాండ్ అనే హైస్కూలు విద్యార్థి తన ఫ్రెంచి పరీక్ష కోసం తయారుచేసుకున్నాడు. పదిహేనేళ్ల కుర్రవాడు, అంటే మీ ఈడువాడే! అందులో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి.

మరి మనకు ఏది?

హాస్టల్లో ఉన్నవారికి రెండోదే మేలు. ఫోను మన చేతిలో ఉండదు. సెలవుల్లో ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి వెళుతుంది. దొరికినా, కార్డులు చూద్దామని తెరిస్తే వీడియోలు పిలుస్తాయి. పైగా మన పరీక్ష పెన్నుతో రాసేది. కార్డు చేతితో రాస్తే అక్షరదోషాలూ దిద్దుకుంటాం. కాబట్టి ఫోను లేదని ఏ ఒక్కరూ చిన్నబుచ్చుకోనక్కర లేదు. ఫోన్లో ఉన్న కిటుకు అంతా అట్టపెట్టెలోనూ ఉంది. ఆ పద్ధతిని సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో తన పుస్తకం ద్వారా అట్టపెట్టెతోనే ప్రచారం చేశాడు.

ఇంటర్, డిగ్రీ, పోటీ పరీక్షలకు సిద్ధమవుతూ సొంత ఫోను ఉన్న పూర్వ విద్యార్థులకు అంకి బాగా ఉపయోగపడుతుంది. వేల కార్డులను చేతితో లెక్క చూసుకోవడం కష్టం.

తయారీ విధానం

ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి చింపితే 8 కార్డులు వస్తాయి. పలుచని కాగితమైతే జవాబు ఇవతలికి కనిపిస్తుంది, జాగ్రత్త. ఖాళీగా ఉన్న శుభలేఖల వెనకవైపు, పాత నోటుబుక్కుల అట్టలు ఇంకా మంచివి. పెట్టెకు చెప్పుల అట్టపెట్టె చాలు. లోపల అట్టలు అడ్డుపెట్టి నాలుగు అరలు చేయండి.

మొదటి అర: కొత్త కార్డులు, తప్పిన కార్డులు. రోజూ చూడాలి.
రెండో అర: మొదటి అరలో సరిగ్గా చెప్పినవి. మంగళ, శుక్రవారాల్లో చూడాలి.
మూడో అర: రెండో అరలో సరిగ్గా చెప్పినవి. ఆదివారం చూడాలి.
నాలుగో అర: వరుసగా రెండు ఆదివారాలు సరిగ్గా చెప్పినవి. పరీక్షల ముందు తీయాలి.

ఏ అరలో తప్పినా కార్డు మొదటి అరకే తిరిగి రావాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఆదివారం మానేసి రోజుకు 8 కొత్త కార్డులు రాస్తే వారానికి 48, 12 వారాలకు 576. పరీక్షల ముందు 12 రోజులుంటే రోజుకు 48 చొప్పున అన్నీ ఒకసారి తిరగేయవచ్చు. ఆదివారం సుమారు 100 కార్డులు ఉంటాయి. అరగంట నుంచి ముప్పావు గంట పని.

కార్డు మీద ఏం రాయాలి?

ఒక కార్డుకు ఒకే ప్రశ్న. "సంధుల గురించి రాయండి" అని రాస్తే అది కార్డు కాదు, వ్యాసం. "ప్రత్యేకం: విడదీసి, సంధి పేరు చెప్పు" అని రాయండి. వెనక "ప్రతి + ఏకం, యణాదేశ సంధి". మరికొన్ని మచ్చుకు:

ముందు: గాంధీజీ దండిలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించిన తేదీ? వెనక: 1930 ఏప్రిల్ 6.
ముందు: నాభ్యంతరం 50 సెం.మీ. గల కుంభాకార కటక సామర్థ్యం? వెనక: 2 డయాప్టర్లు.
ముందు: ఆమ్లం, క్షారం కలిస్తే ఏర్పడేవి? వెనక: లవణం, నీరు.

ఇంగ్లిషు మీడియం వారు పరీక్ష రాసే భాషలోనే కార్డు రాయాలి. అర్థం కాని మాటకు తెలుగు అర్థం మూలన రాసుకుంటే చాలు.

కార్డులతో కానివీ ఉన్నాయి. లెక్కలు కాగితం మీద చేసి తీరాలి. కార్డుకు సూత్రం వరకే. బొమ్మలు గీసి, పటంలో ప్రదేశాలు గుర్తించి సాధన చేయాలి. పెద్ద ప్రశ్నల జవాబుల్లోని ముఖ్యాంశాలు కార్డు మీద, పూర్తి జవాబు నోటుబుక్కులో. అర్థం కాని పాఠాన్ని కార్డుగా మారిస్తే అది బట్టీయే అవుతుంది. ముందు మాస్టారిని అడిగి అర్థం చేసుకోండి, తర్వాత కార్డు రాయండి.

మూడు నియమాలు

ఒకటి: జవాబు నోటితో చెప్పకుండా లేదా రాయకుండా కార్డు తిప్పకూడదు. "ఆ, ఇది నాకు తెలుసు" అని తిప్పేయడం మనల్ని మనమే మోసం చేసుకోవడం.

రెండు: రాసిన ప్రతి కార్డునూ పాఠ్యపుస్తకంతో సరిచూడాలి. తప్పు జవాబును పదిసార్లు చెబితే అదే స్థిరపడిపోతుంది.

మూడు: వారానికి రెండుసార్లు జోడీగా కూర్చుని ఒకరి కార్డులు ఒకరు అడగాలి. మెస్ దగ్గర ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడే పది నిమిషాలూ ఇందుకు చాలు. చదువులో వెనకబడిన మిత్రుణ్ణి జోడీగా ఎంచుకుంటే ఇద్దరికీ లాభం.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి

వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు అన్నలు, అక్కలు ఏదో ఒకటి తేవాలనుకుంటారు. ఒక రీము ఏ4 కాగితం తెండి. 500 కాగితాలు, 4000 కార్డులు. ఆరుగురు పిల్లలకు 12 వారాల పాటు ధారాళంగా సరిపోతాయి. కాస్త మందం కాగితమైతే మరీ మంచిది. మీ ఇంట్లో పడి ఉన్న శుభలేఖలూ పనికొస్తాయి.

వాటికన్నా విలువైనది ఇంకొకటి ఉంది. దగ్గర ఊళ్లో ఉన్నవారు నెలకో ఆదివారం, వార్డెన్ గారి అనుమతితో, ఒక గంట వచ్చి కూర్చోండి. ఒక పిల్లవాడి పెట్టె చేతిలోకి తీసుకుని "ఏదీ, అప్పజెప్పు" అనండి. మన పిల్లలకు ఇంట్లో దొరకనిది ఆ మాటే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు ఉదయం స్టడీ అవర్‌లో 8 కార్డులతో మొదలుపెట్టండి. పరీక్షల్లో అందరూ మంచి మార్కులతో ఉత్తీర్ణులు కావాలని, మన హాస్టల్‌కు పేరు తేవాలని మనసారా కోరుకుంటున్నాను.