చవితినాటి వేట

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, జాతీయ రహదారి ప్రక్కన, కూర్మన్నపాలెమను ఊరు కలదు. ఉక్కు కర్మాగారపు ద్వారము దానికి సమీపముననే యున్నది. 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి ఆ కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. 1992వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన శ్రీ పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసెను. నేడు కూర్మన్నపాలెములో నివసించువారిలో అనేకుల దినచర్య ఆ కర్మాగారపు షిఫ్టులను బట్టియే సాగును. సముద్రము కర్మాగారమునకు ఆవలి వైపుననే యున్నను, అచ్చటి పిల్లలలో పలువురు దానిని సెలవు దినములలో మాత్రమే చూతురు.

అట్టి యొక కుటుంబము వసంతకాలమున ఒక ఉదయము సముద్రతీరమునకు పోయి గాలముతో చేపలు పట్టవలెనని సంకల్పించెను. తండ్రి కర్మాగారములో కార్మికుడు. ఇంటిలో తల్లి, నాయనమ్మ, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె, ఆమెకంటె రెండేండ్లు చిన్నవాడగు తమ్ముడు ఉండిరి. సంకల్పించుట సులభమే. దినము నిర్ణయించుటకు మాత్రము వారికి మూడు వారములు పట్టినది.

తమ్ముడు మొదట వేసవి సెలవులను సూచించెను. బడులకు ఏప్రిలు మాసాంతమున సెలవులిత్తురు. కాని అప్పటికి వేట నిషేధము అమలులోనికి వచ్చియుండును. తూర్పు తీరమునందు ఏటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూను 14వ తేదీ వరకు, అనగా 61 దినములు, మర పడవలును మోటారు అమర్చిన పడవలును సముద్రములోనికి పోరాదు. 2015కు పూర్వము ఈ గడువు 47 దినములే. పెక్కు జాతుల చేపలు గ్రుడ్లు పెట్టునట్టి కాలములో వాటిని కదలింపకుండుటకై యీ నియమము ఏర్పడినది. పడమటి తీరమున ఇదే నిషేధము జూను, జూలై మాసములలో వచ్చును. ఆ రెండు నెలలు జాలరి యింట సంపాదన యుండదు. అందుచేత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారికి భృతి నిచ్చుచున్నది. 2019లో పదివేల రూపాయలుగా నున్న ఆ మొత్తము 2025లో ఇరువదివేలైనది. తీరమున నిలిచి గాలము వేయువానికి ఈ నిషేధము వర్తింపదు. అయినను, పడవలన్నియు ఒడ్డున కట్టివేయబడి, ఊరంతయు చేతులు ముడుచుకొని కూర్చున్న దినములలో వినోదమునకై గాలములతో అచ్చటికి పోవుటకు తండ్రికి మనసొప్పలేదు.

కావున మార్చి మాసమే తగినదని తేలినది. పంచాంగము ప్రకారము వసంతఋతువు చైత్రముతో ప్రారంభమగును. సముద్రము మాత్రము ఉగాది వరకు వేచియుండదు. ఫాల్గుణము నాటికే గాలి నైరుతి దిక్కునకు మరలి, తీరము వెంబడి వీచును. మన తూర్పు తీరము ఇచ్చట నైరుతినుండి ఈశాన్యమునకు సాగియున్నది. అట్టి గాలి ఉపరితల జలమును ముందునకు త్రోయగా, భూభ్రమణ ప్రభావమువలన ఆ నీరు తన కుడివైపునకు, అనగా తీరమునుండి లోపలికి, మరలును. ఆ ఖాళీని నింపుటకు అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చును. ఆ నీటిలో లవణములు, పోషకములు సమృద్ధిగా నుండును. వాటివలన సూక్ష్మమైన వృక్షజాతి పెరుగును. దానిని తిను చిన్న జీవులు పెరుగును. వాటికొరకు కవళ్లు, కానాగంతలు వచ్చును. వాని వెంట వంజరము వంటి పెద్ద చేపలు వచ్చును. విశాఖ తీరమునందలి యీ వింతను 1950వ దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఇచ్చటి పరిశోధకులతో కలిసి అధ్యయనము చేసెను. వసంతమున సముద్రస్నానము చేయువానికి నీరు ఎండకు తగినంత వెచ్చగా నుండకపోవుటకు గల కారణములలో ఇదియు నొకటి.

మార్చిలో ఏ దినము? తండ్రి వారపు సెలవు ఎల్లప్పుడు ఆదివారమున రాదు. బాలిక ఒక కాగితముపై ఆ నెలలో తండ్రికి సెలవున్న దినములను వ్రాసి, వాటిలో తమకును బడి లేనివానిని గుర్తించెను. రెండే మిగిలినవి. నాయనమ్మ పంచాంగము విప్పి చూచి, ఒకటి పూర్ణిమ యనియు, రెండవది బహుళ చవితి యనియు చెప్పెను. తమ్ముడు పూర్ణిమయే కావలెననెను. పూర్ణిమ, అమావాస్యలకు సముద్రము పొంగునని, నీరు పొంగిన చేపలు ఒడ్డునకు వచ్చునని అతడెచ్చటనో వినియుండెను. అది పూర్తిగా అసత్యము కాదు. చంద్రుడును సూర్యుడును ఒకే వరుసలో నుండి ఆకర్షించుటవలన ఆ దినములలో పోటు మిక్కిలి ఎత్తుగను, ఆటు మిక్కిలి లోతుగను ఉండును. విశాఖ వద్ద ఆ భేదము సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి ప్రాంతమున అది సగముకంటె తక్కువకు దిగును.

ఈ సంశయము తీర్చుకొనుటకు తండ్రీబిడ్డలు ఒక సాయంకాలము ముత్యాలమ్మపాలెమునకు పోయిరి. అప్పికొండ తీరము దగ్గరయే. అచ్చటి ప్రాచీన సోమేశ్వరాలయము చూడదగినదే. కాని నీట తడిసిన రాళ్లపై పిల్లల కాళ్లు జారునని తల్లి ముందుగనే దానిని కొట్టివేసెను. గంగవరమున రేవు వెలసిన పిదప జాలరులే తమ పూర్వపు తీరమును విడువవలసి వచ్చినది. ఇక గాలమునకు చోటెక్కడ? ముత్యాలమ్మపాలెమున పొడవైన ఇసుక తీరమును, తండ్రికి పరిచయమున్న ఒక వృద్ధ జాలరియు ఉండిరి. పిల్లలు ఆయనను తాతా యని పిలిచిరి.

"తాతా! పూర్ణిమనాడు పడవలో లోపలికి తీసికొనిపోదువా?" అని బాలుడడిగెను.

వృద్ధుడు వల కన్నులు సరిచేయుచునే, "పడవ ఎచ్చటనుండి బయలుదేరును బాబూ?" అని తిరిగి ప్రశ్నించెను.

"ఇచ్చటనుండియే."

"ఇచ్చట రేవు లేదు, గోడ లేదు. పడవను అలలమీదుగా దాటింపవలెను. మూడవ అల దాటునప్పుడు ముక్కు పైకి లేచును. మాకు పుట్టుకనుండి అలవాటు. మాలోను ఆ తావుననే పోయినవారున్నారు. నీవు దేనిని పట్టుకొందువు?"

బాలుడు మాటాడలేదు. తండ్రి కొంతసేపటికి, తీరమున నిలిచి గాలము వేయుటకు ఏ దినము మంచిదని అడిగెను. వృద్ధుడు పూర్ణిమను కాదనెను. ఆనాడు ఆటు సమయమున నీరు బలముగా వెనుకకు తీయును. ఇసుక తిన్నెల నడుమ సందు దొరకినచోట నది వలె సముద్రములోనికి పరుగిడును. అట్టిచోట అలలు విరుగక నీరు నున్నగా కన్పించును. క్రొత్తవారు అదియే నెమ్మదియైన చోటని దిగుదురు. విశాఖ తీరములలో ఏటేట ప్రాణములు తీయుచున్నది ఆ నున్నని నీరే. దానిలో చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదరాదు. తీరము వెంబడి ప్రక్కకు ఈది, ఆ ప్రవాహము దాటిన పిమ్మట అలలతో కూడ ఒడ్డునకు రావలెను. ఈత రానివాడు మోకాలి లోతు దాటకుండుటయే మేలు.

మరి చవితి ఎట్లుండును? ఇచ్చట బాలిక లెక్క వేసెను. పోటు దినమునకు రెండుమారులు వచ్చును. ఒక పోటునకు మరియొక పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు. అందుచే ప్రతిదినము అది 50 నిమిషములు ఆలస్యమగును. పూర్ణిమనాడు ఉదయము తొమ్మిది గంటలకు పోటు నిండినదనుకొన్నచో, నాలుగు దినముల పిదప చవితినాడు 200 నిమిషములు, అనగా 3 గంటల 20 నిమిషములు జరిగి, మధ్యాహ్నము 12 గంటల 20 నిమిషములకు నిండును. అంతకు ఆరు గంటలు ముందు, సూర్యోదయ సమయమున, ఆటు ముగిసి నీరు ఎక్కుట ప్రారంభించును. మార్చి మూడవ వారమున విశాఖలో సూర్యుడు ఉదయించునది సుమారు ఆరు గంటలకే. ఎక్కుచున్న నీటితో పాటు చేపలు, ఇసుకలో దాగిన చిన్న పీతలకొరకు ఒడ్డు వైపునకు వచ్చును. తెల్లవారు వేళ గాలియు మందముగా నుండును. పది గంటలు దాటిన పిదప గాలి హోరెత్తును; అప్పటికి ఇంటికి మరలవచ్చును.

"ఈ పిల్ల పుస్తకములో చెప్పినది మా తాత తిథి చూచి చెప్పెడివాడు," అని వృద్ధుడు నవ్వెను. పూర్ణిమనాడు పోటు ఎన్ని గంటలకు నిండునో తాను స్వయముగా చూచి కబురు పంపుదునని కూడ చెప్పెను. ఊహించిన తొమ్మిది గంటలపై కట్టిన లెక్కను అతడు నమ్మలేదు. అది మంచిదే. హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన సముద్ర సమాచార సేవా కేంద్రము అలల ఎత్తును, చేపలు చేరుచోట్లను ముందుగా ప్రకటించుచున్నది. బయలుదేరు ముందునాటి రాత్రి దానిని చూచుట తండ్రి వంతైనది.

ఇక సామగ్రి. బలమైన నైలాను దారము, మధ్యరకపు గాలములు, సీసపు గుండ్లు, ఎరకు పచ్చి రొయ్యలు, కవళ్ల ముక్కలు. ఇవి స్వల్పవ్యయముతో దొరకును. గాలపు కర్రలు లేకున్నను చేతి దారముతోనే గొరకలు, పారలు, జెల్లలు పడవచ్చును. గాలమును వెనుకకు విసరునప్పుడు వెనుక ఎవరును నిలువరాదు. కంటికి గ్రుచ్చుకొన్న గాలము సముద్రముకంటె చెడ్డది. జెల్ల పడినచో పిల్లలు తాకరాదు. దాని వీపున, ప్రక్కలందు గల ముండ్లు విషపూరితములు. గ్రుచ్చుకొన్నచో ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగము నుంచి, వైద్యునికి చూపవలెను. ఒడలు బంతివలె ఉబ్బించు చేపను ఎంత పెద్దదైనను నీటిలోనికి వదలివేయవలెను. దాని విషము వంటతో పోదు.

తల్లి పట్టికలో మొదట వ్రాసినది గాలము కాదు, మంచుగడ్డ. ఆ యెండలో చేప కొద్ది గంటలలోనే చెడును. కానాగంత వంటి చేపను వెచ్చగా నుంచినచో దాని మాంసములో ఒక పదార్థము పుట్టును. అది తిన్నవారికి ముఖమెఱ్ఱబారును, దద్దురులు లేచును, తలనొప్పి కలుగును. ఎంత ఉడికించినను ఆ పదార్థము నశింపదు. అందుచే చేప ఎంత బరువో మంచు అంత బరువుండవలెనను లెక్కతో థర్మోకోలు పెట్టె సిద్ధపరచిరి. త్రాగు నీరు, గొడుగు, టోపీలు, పులిహోర ఆ పిమ్మటివి. తీరరక్షక దళపు 1554 అను సంఖ్యను బాలిక పెట్టె మూతపై పెద్ద అక్షరములతో వ్రాసెను.

మరియొక నియమమును వృద్ధుడు చేర్చెను. శీతకాలము మొదలు ఏప్రిలు వరకు తాబేళ్లు ఈ ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఇవి ఆలివ్ రిడ్లీ అను జాతివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటిని కాపాడుచున్నది. గుంత కన్పించినచో త్రవ్వరాదు, గుంపుగా చేరరాదు. తెగిన నైలాను దారమును తీరమున విడువరాదు. ఆ దారము మెడకు చుట్టుకొని తాబేళ్లు చనిపోవుటను అతడు చూచియుండెను.

చివర వచ్చిన ప్రశ్న నాయనమ్మది. "చేపలు పడకున్నచో?" అని ఆమె యడిగెను. అట్లు జరుగుటకే ఎక్కువ అవకాశము కలదని తండ్రి ఒప్పుకొనెను. గాలము విసరువానికి సగము దినములు వట్టి చేతులతోనే ముగియును. తీరమున బుట్టలతో చేపలమ్ము స్త్రీలకు ఆ సంగతి తెలియును. తల్లి కాగితము నందుకొని, మంచుగడ్డ క్రింద ఇంకొక పంక్తి చేర్చెను: "ఒడ్డున చేపలు కొనుటకు మూడువందల రూపాయలు."