మరపడవలో డీజిలు కొలత

సోమశిల రేవున కృష్ణ దాటు మరపడవలను మన సభ్యులలో ననేకు లెరుగుదురు. శ్రీశైలము జలాశయము నిండియున్నపు డచ్చట ఆవలిగట్టు మిక్కిలి దూరము. నడుమ డీజిలు తీరిపోయి యింజను ఆగెనా, గాలి యెటు త్రోసిన నటు పోవలసినదే. అంతటితో తీరదు, ఖాళీ టాంకీనుండి గొట్టములలోనికి గాలి చేరును. దానిని వెడలగొట్టువరకు, మరల డీజిలు పోసినను ఇంజను నడవదు.

మీటరు ముల్లును పూర్తిగా నమ్మరాదు. పడవ ఊగినపుడు టాంకీలోని బెండును ఊగి ముల్లును త్రిప్పును. నమ్మదగినది వెదురుబద్ద. ఖాళీ టాంకీలో లీటరు చొప్పున పోయుచు, ప్రతిసారియు పొడిబద్దను నిలువుగా అడుగంట ముంచి, తడిసినమేరకు గాటు పెట్టవలెను. టాంకీ అడుగు సన్నమైనచో క్రిందిగాట్లు ఎడముగాను, పైగాట్లు దగ్గరగాను పడును. అట్టిదానిలో సగమెత్తు డీజిలు సగము కాదు.

పడవ ఒరిగిన కొలత తప్పును. కావున జనము నెక్కింపకముందే, రేవున నిలుకడగా నున్నపుడు చూడవలెను. చీకటిలో అగ్గిపుల్ల గీసి లోనికి తొంగిచూచువారు కలరు; ఇంతకన్న తెలివితక్కువ వేరొకటి లేదు.

ఒక గంట నడిపి గాట్లు చూచినచో గంటకెంత ఖర్చగునో తెలియును. బావికడ ఇంజనుకును ఇదియే పద్ధతి. పడవకు మాత్రము మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మిగిలినది ఎదురుగాలికి ఉంచవలెను.