జాబితాలో పేరు లేకపోతే సున్నా అనవచ్చా?

పిల్లలకు పైథాన్ పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను మార్కుల రిజిస్టరు చూపిస్తాను. పరీక్ష రాసి ఒక్క మార్కూ రానివాడు ఒకడు, జ్వరంతో పరీక్షకే రానివాడు ఇంకొకడు. మొదటివాడికి సున్నా, రెండోవాడికి గైర్హాజరు. ఇద్దరికీ సున్నా వేస్తే రెండోవాడికి అన్యాయం జరుగుతుంది.

గిడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాషలో 'డిక్షనరీ' అంటే పేరుకు ఎదురుగా వివరం రాసుకునే పట్టిక. పేరు 'కీ', వివరం 'వాల్యూ'. లేని పేరును నేరుగా అడిగితే 'కీఎర్రర్' వస్తుంది. దాన్ని పట్టుకునే ఏర్పాటు లేకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. నూరు పేర్లలో నలభయ్యోది దొరక్కపోతే మిగిలిన అరవై మంది పనీ నిలిచిపోతుంది.

దీనికి మార్గాలున్నాయి.

1. 'ఇన్' అనే మాటతో పేరు ఉందో లేదో ముందే చూసుకోవడం.

2. 'గెట్' వాడడం. పేరు లేకపోతే మనం చెప్పిన విలువ ఇస్తుంది. ఏమీ చెప్పకపోతే 'నన్', అంటే 'ఏమీ లేదు' అంటుంది. పట్టికను మార్చదు.

3. 'సెట్‌డీఫాల్ట్' వాడడం. ఇది లేని పేరును పట్టికలో చేరుస్తుంది కూడా.

4. 'ట్రై', 'ఎక్సెప్ట్'లతో కీఎర్రర్‌ను పట్టుకుని, ఆ పేరును వేరే కాగితం మీద రాసుకున్నట్టు విడిగా ఉంచడం.

ఊరూరా ఎన్ని దరఖాస్తులొచ్చాయో లెక్కపెట్టేటప్పుడు 'గెట్'కు సున్నా ఇవ్వడం సరైనదే. ఇంకా లెక్కపెట్టని ఊరికి సున్నా నిజమే కదా. ఉపకారవేతనం దగ్గర అలా కుదరదు.

మన కోట సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న మన మండలం నెల్లూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పట్టికలో 'తిరుపతి, కోట' అని ఉండి, పాత ధ్రువపత్రంలో 'నెల్లూరు, కోట' అని ఉందనుకోండి. ఊరు ఒకటే, బిడ్డ ఒకటే, కానీ కీ కలవదు. అక్కడ 'గెట్'కు సున్నా ఇచ్చి ఉంటే ప్రోగ్రామ్ ఆగదు, తప్పూ చూపదు. ఆ బిడ్డకు రావలసింది సున్నా అని రాసి ముందుకు పోతుంది. ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను ఎవరైనా గమనిస్తారు. ఈ సున్నాను ఎవరు గమనిస్తారు?

అందుకే పిల్లలకు నాలుగో మార్గం నేర్పుతాను: పని ఆగకూడదు, దొరకని పేరు పోకూడదు. ఆ విడి జాబితాను చివరికి మనిషే కూర్చుని చూడాలి.

దాతలకు నా మనవి ఒక్కటే. సాయం ఎంతమందికి అందిందని అడిగినప్పుడు, ఎవరి పేర్లు దొరకలేదని కూడా అడగండి.