లోగో, పోస్టర్: డిజైన్ విద్యార్థి పని ఎలా సాగుతుంది?

అట్టపెట్టెల మీద, చెత్తకుండీల మీద ఒకదాని వెంట ఒకటి తిరిగే మూడు బాణాల గుర్తు మనందరికీ తెలుసు. 1970లో కంటెయినర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే కంపెనీ పెట్టిన పోటీకి దాన్ని గీసి పంపినది గ్యారీ ఆండర్సన్. అప్పటికి ఆయన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి, వయసు 23. మూడు రూపాలు పంపితే వాటిలో అన్నిటికంటే సాదాగా ఉన్నదే గెలిచింది. మన రూపాయి గుర్తు సంగతీ అంతే. ఐఐటీ బొంబాయిలో పరిశోధన చేసిన డి.ఉదయకుమార్ దాన్ని రూపొందించారు. కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది. దేవనాగరి ‘ర’, ఇంగ్లీషు ‘ఆర్’ రెండూ అందులో కనిపిస్తాయి. అయినా చిన్నపిల్లలు సైతం పలక మీద రాసేయగలరు.

ఇంత చిన్న బొమ్మకు ఇన్ని రోజులు ఎందుకని డిజైన్ చదివే పిల్లల్ని చాలామంది అడుగుతారు. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆ పనిలో చివరి భాగం మాత్రమే. ముందు ప్రశ్నలు ఉంటాయి. సంస్థ ఏం చేస్తుంది, ఎవరి కోసం చేస్తుంది, గుర్తు ఎక్కడెక్కడ వాడతారు? ఆ తర్వాత కాగితం మీద పెన్సిలుతో అగ్గిపెట్టె సైజులో ముప్పై నలభై బొమ్మలు వేస్తారు. అందులో చాలావరకు కొట్టేయడానికే. మిగిలిన రెండు మూడింటిని రంగుల్లేకుండా, నలుపులోనే చూస్తారు. ఎందుకంటే సొసైటీ లోగో బ్యానర్ మీద కనిపించినా, ఎక్కువ కాలం బతికేది రసీదు పుస్తకంలో, రబ్బరు స్టాంపులో. మినార్లు, పుస్తకం, దీపం, రెండు చేతులు, చుట్టూ సంస్థ పూర్తి పేరు, రిజిస్టర్ నంబరు అన్నీ ఇరికించిన లోగో స్టాంపులో సిరా మరకలా పడుతుంది.

నెలవంక విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెల్లని నేల మీద ఎర్రని నెలవంక రెడ్ క్రిసెంట్ చిహ్నం. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం మన దేశంలో దాన్ని అనుమతి లేకుండా వాడకూడదు. రెడ్ క్రాస్ గుర్తుకూ ఇదే నియమం. ఉచిత వైద్య శిబిరాల కరపత్రాలు వేయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పోస్టర్ సంగతి వేరు. లోగోను ఏళ్ల తరబడి చూస్తారు. పోస్టర్‌ను నడుస్తూ నడుస్తూ చూస్తారు. పదో తరగతి పాసైన పిల్లలకు ఉపకార వేతనాల పోస్టర్ అనుకుందాం. మస్జిద్ గేటు దగ్గరో, కిరాణా కొట్టు గోడ మీదో దాన్ని చూసే తల్లికి నాలుగు విషయాలు చాలు. ఎవరికి ఇస్తారు, చివరి తేదీ ఏది, ఏ కాగితాలు తేవాలి, ఎక్కడికి రావాలి. వీటిలో తేదీ కంటపడకపోతే ఆ ఇంట్లో ఒక పిల్ల చదువు ఏడాది వెనక్కి పోవచ్చు. కానీ మన ఊళ్లలో ఫ్లెక్సీలు చూడండి. పై సగం పెద్దల ఫోటోలు, కింద కమిటీ సభ్యుల పేర్లు, మధ్యలో దొరికిన జానెడు జాగాలో అసలు కబురు. దాతల పట్ల గౌరవం ఉండాల్సిందే. దానికి ఇలాంటి సంచిక ఉంది, సభ ఉంది. పోస్టర్‌లో ఆ చోటు దరఖాస్తు పెట్టుకునే బిడ్డది. ఫోటో వద్దని దాతే స్వయంగా చెబితే విద్యార్థికి సగం భారం దిగుతుంది. కమిటీకి ఆ మాట చెప్పే ధైర్యం పాపం అతనికి ఉండదు.

తెలుగు అక్షరాల ఇబ్బంది మరొకటి. ఇంగ్లీషులోలా పెద్దబడి అక్షరాలు మనకు లేవు కాబట్టి ముఖ్యమైన మాటను సైజుతో, మందంతో చూపాలి. వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి గనుక వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. మరీ లావు ఫాంటు వాడితే అక్షరాల కడుపులు పూడిపోయి దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఉర్దూ కూడా చేరిస్తే నస్తాలిక్ రాత ఏటవాలుగా దిగుతుంది. దానికి ఇంకా ఎత్తు కావాలి. కుడి నుంచి ఎడమకు రాసే లిపికి సరిపడని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలు విడిపోయి తలకిందులు వరుసలో పడతాయి. ఉర్దూ చదవడం రాని కుర్రాడికి అది తెలియదు. చదవగల పెద్దలొకరు అచ్చుకు ముందు చూడాల్సిందే. రేపు నేలపాలయ్యే కరపత్రం మీద ఆయత్ వేయాలా వద్దా అన్నది కూడా విద్యార్థికి వదిలేయకుండా పెద్దలే తేల్చాలి.

అచ్చుకు వెళ్లేటప్పుడు తెర మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద కాస్త మందగిస్తుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో చూపిస్తుంది. అందుకే ముందు ఒక్క ప్రతి తీయించి చూడాలి. అందులోని ఫోన్ నంబరుకు నిజంగా ఫోన్ చేసి చూడాలి. లోగోను వాట్సాప్ ఫోటోగా దాచుకుంటే పెద్ద బ్యానర్ మీద గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. వెక్టర్ ఫైలు తీసుకుంటే ఎంత పెంచినా చెదరదు.

ఇక పని అప్పగించే పద్ధతి. కమిటీలో పదిమంది పది మార్పులు చెబితే మొదటి రోజు బాగున్నది పదో రోజుకు పాడవుతుంది. మాట చెప్పేవారు ఒక్కరే ఉండాలి, రాయాల్సిన సమాచారం ముందే కాగితం మీద ఇవ్వాలి, మార్పులు రెండుసార్లకు మించకూడదు. విద్యార్థి సేవగా చేస్తానంటే సంతోషమే. అయినా ప్రెస్సువాడికి లెక్కకట్టి ఇచ్చే డబ్బులో కొంత, అడగకముందే, ఆ పిల్లవాడి ఫీజు కింద కూడా రాసుకోవచ్చు.