గుమ్మానికి లప్పం పెట్టే ముందు

పాత ఇళ్ళలో తలుపుకు రంగు వేయాలంటే పండుగైనా రావాలి, పెళ్ళైనా రావాలి. ద్వారబంధం అడుగున ఊడిన పెచ్చు, కిటికీ చట్రంలో నెర్రె, బీడింగ్ పట్టీకి మంచం కోడు తగిలి పడిన లొత్త, ఇవన్నీ అప్పుడే మన కంటబడతాయి. చుట్టాలు వచ్చే రోజు దగ్గరపడుతుంది. రంగు వేసే మనిషి ఇంత లప్పం కలిపి అద్ది, పైన రంగు కొట్టి వెళ్ళిపోతాడు. చూడటానికి కొత్త గుమ్మంలాగే ఉంటుంది.

మేమూ అలాగే చేశాం. పెళ్ళి పని తొందరలో మా ఇంటి వెనుక స్నానాల గది పక్క గుమ్మానికి, గోడకు తెచ్చిన పుట్టీయే మిగిలితే అదే పెట్టించి రంగు వేయించాం. తర్వాతి వానాకాలానికి ఆ చోట రంగు బుడగలా లేచింది. వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. లోపలి చెక్క తడిసి, నానిన అట్టలాగా అయిపోయి ఉంది. చూడటానికి వచ్చిన పెద్దాయన, నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి, ఒకే మాట అన్నాడు: "లప్పం మందు కాదు బాబూ, కట్టు. పుండు కడగకుండా కట్టు కడితే లోపల ముదిరిపోతుంది." ఒక ఆదివారం కూర్చుంటే తక్కువ ఖర్చుతో తేలిపోయే పని, చివరికి ఒక పక్క నిలువు చెక్క సగం కోసి కొత్తది అతికించేదాకా వెళ్ళింది. ఆ తర్వాత దగ్గరుండి నేర్చుకున్నదే ఈ పాఠం.

ముందు పరీక్ష

ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకొని, దెబ్బతిన్న చోటా దాని చుట్టూ జానెడు దూరం వరకూ మెల్లగా పొడిచి చూడాలి. మంచి చెక్క మొనను ఆపుతుంది, పుచ్చిన చెక్క లోపలికి పోనిస్తుంది. సుత్తి పిడితో తట్టినా తెలుస్తుంది. గట్టి చెక్క ఖంగుమంటుంది, తొర్రపడినది డొల్ల చప్పుడు చేస్తుంది.

కనబడే నష్టం సాధారణంగా మూడు రకాలు. మొదటిది దెబ్బ: లొత్త, మేకు రంధ్రం, విరిగిన అంచు. దీనికి నేరుగా లప్పం పెట్టవచ్చు. రెండవది తడి. చెక్కలో తేమ నూటికి 20 పాళ్ళు దాటి నిలిచి ఉంటేనే కుళ్ళు పట్టే బూజు పెరుగుతుంది, ఆరిన చెక్క కుళ్ళదు. కాబట్టి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తుందో వెతకాలి. స్నానాల గది నేల వాలు గుమ్మం వైపు ఉందా? కిటికీ పైన చూరు నుంచి వాన కారుతుందా? గోడకూ చట్రానికీ మధ్య సందు తెరుచుకుందా? ఆ దారి మూయకుండా ఎంత మంచి లప్పం పెట్టినా ఒక్క వానాకాలం కూడా ఆగదు.

మూడవది చెదలు. గోడ మీద మట్టి గీతల్లాంటి దారులు కనబడితే అవి నేలలో నుంచి వస్తున్నట్టే. గుమ్మం మీద కనబడేది వాటి దారి మాత్రమే, పుట్ట ఎక్కడో నేలలో ఉంటుంది. గుమ్మానికి మాత్రం మందు పూసి రంధ్రం మూస్తే అవి పక్కనుంచి వస్తాయి. ముందు చెదల మందు పని తెలిసినవారితో నేలకు, గోడ అడుగుకు మందు పట్టించి, కొన్ని వారాలు ఆగి, కొత్త మట్టి దారులు రాలేదని చూసుకున్నాకే లప్పం మాట. మట్టి దారి లేకుండా, గుండుసూది తలంత రంధ్రాల నుంచి మెత్తని పొడి రాలుతుంటే అది చెక్క తొలిచే పురుగు. దానికీ ముందు మందే.

ఏ చోటికి ఏ లప్పం

గోడ పుట్టీ చెక్కకు పనికిరాదు. అది సిమెంటు రకం. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. ఈ మార్పు చెక్క అడ్డంగా ఎక్కువ, నిలువుగా చాలా తక్కువ. సిమెంటు రకం పుట్టీ ఆ కదలికకు తట్టుకోలేక పగిలి ఊడుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంగతీ అంతే.

రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద మన వడ్రంగుల పాత పద్ధతి. చిన్న మేకు రంధ్రాలకు, అతుకు దగ్గర సన్నని సందులకు బాగుంటుంది. అయితే జిగురు పాలిష్‌ను పీల్చదు కాబట్టి పాలిష్ వేసే చెక్క మీద మచ్చలా కనబడుతుంది. రంగు వేసే చోటే వాడాలి.

చాక్ పొడి, అవిసె నూనె కలిపిన లప్పం కిటికీ అద్దాల చుట్టూ మంచిది. పచ్చి చెక్క నూనెను పీల్చేస్తే లప్పం పొడిబారి రాలిపోతుంది, అందుకే ముందు ప్రైమర్ కొట్టాలి. ఇది గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఈ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయకూడదు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి, బయట పరిచి ఆరబెట్టిన తర్వాతే పారేయాలి.

ఎన్.సి. పుట్టీ పలుచటి పూతకు, గీతలకు, గరుకు పోగొట్టడానికి మాత్రమే. లోతైన గుంటలో నింపితే కుంచించుకొని నెర్రెలిస్తుంది.

లోతైన గుంటలకు, విరిగిన మూలలకు రెండు భాగాలుగా వచ్చే లప్పం కావాలి. ఇందులో ఒక రకం కార్లకు సొట్టలు తీసే షెడ్లలో వాడేది. నూటికి సుమారు రెండు పాళ్ళు హార్డెనర్ కలిపితే కొద్ది నిమిషాల్లోనే బిగుసుకుంటుంది, అందుకే నిమ్మకాయంత చొప్పునే కలుపుకోవాలి. రెండవది ఎపాక్సీ. రెండు ముద్దలను డబ్బా మీద చెప్పిన పాళ్ళలో, రంగు ఒకటయ్యేదాకా పిసకాలి. ధర ఎక్కువే కానీ చెక్కను బాగా పట్టుకుంటుంది, నీటికి ఓర్చుకుంటుంది. స్నానాల గది గుమ్మానికి మేము ఇప్పుడు ఇదే వాడుతున్నాం.

పని జరిగే వరుస

1. పుచ్చిన చెక్కను ఉలితో పూర్తిగా తీసేయాలి. ఇక్కడ జాలి పనికిరాదు. మెత్తగా ఉన్నది వేలెడంత మిగిలినా లప్పం దానితోపాటే ఊడుతుంది.

2. చెక్కను ఆరనివ్వాలి. తడిసిన గుమ్మానికి వారం, రెండు వారాలు గాలి తగలనివ్వాలి. ఈ పనికి వానలు తగ్గి, ఎండలు ముదరని డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి.

3. గుంట పెద్దదైతే లోపల రెండు మూడు చిన్న స్క్రూలు, తలలు బయటికి రాకుండా, సగం బిగించి వదలాలి. లప్పం వాటిని పట్టుకొని నిలబడుతుంది.

4. మూల విరిగితే, పాలిథిన్ కవరు చుట్టిన చిన్న చెక్కను ఒక పక్క ఆనించి కట్టాలి. లప్పం కవరుకు అంటదు, అంచు సూటిగా వస్తుంది.

5. దుమ్ము బ్రష్‌తో దులిపి, లప్పం బ్లేడుతో మొదటి పూతను చెక్కలోకి నొక్కి రుద్దాలి. గాలి లోపల చిక్కుకోకూడదు. ఒకే భాగంగా వచ్చే లప్పమైతే ఒక్కో పొర 3 మిల్లీమీటర్లు మించకుండా, ఒక పొర పూర్తిగా ఆరాకే మరొకటి వేయాలి. చివరి పొర చెక్క కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి.

6. బీడింగ్‌కు వంపులు ఉంటే, పాడైపోని చోట ఆ వంపును అట్ట మీద గీసుకొని, పనికిరాని ప్లాస్టిక్ కార్డును ఆ ఆకారంలో కత్తిరించాలి. లప్పం పచ్చిగా ఉన్నప్పుడు దానితో ఒక్కసారి లాగితే వంపు తిరిగి వస్తుంది.

7. ఆరాక ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, తర్వాత 180తో రుద్దాలి. చెక్క పోగు వెంట రుద్దాలి, అడ్డంగా కాదు. కళ్ళు మూసుకొని వేళ్ళతో తడిమి చూడండి. కంటికి దొరకని మెట్టు వేలికి దొరుకుతుంది.

8. ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పూతలు. గుమ్మం అడుగున నేలను తాకే కొస చెక్క నీటిని అన్నిటికంటే ఎక్కువగా పీలుస్తుంది. బ్రష్ ఆనే ప్రతి సందులో అక్కడ ప్రైమర్ పోవాలి.

పిల్లలున్న ఇంట్లో

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పొరల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి పాత రంగును పొడిగా రుద్దవద్దు, మంటతో కాల్చవద్దు. నీటితో తడుపుతూ, నీటికి ఓర్చే కాగితంతో రుద్దండి. కింద పాత గుడ్డ పరచి, రాలిన పెచ్చులు మూటకట్టి తీసేయండి. గర్భిణులు, పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. తలుపులు, కిటికీలు తెరిచి, ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకొని పని చేయాలి.

లప్పం పనికిరాని చోట

కీలు స్క్రూ వదులైతే ఆ రంధ్రంలో లప్పం నింపి మళ్ళీ బిగిస్తే తలుపు బరువుకు ఊడివస్తుంది. వెదురు పుల్లలకు ఫెవికాల్ రాసి రంధ్రంలో బిగువుగా దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, పైకి వచ్చినది కోసేసి, అప్పుడు స్క్రూ బిగించాలి. బరువు మోసే దూలానికి, మెట్ల చెక్కకు, పైనుంచి గోడ బరువు ఆనిన గుమ్మానికి పుచ్చు పడితే అది వడ్రంగి పని. అక్కడ కొత్త ముక్క అతకాలి లేదా మార్చాలి. లప్పం ఆకారాన్ని ఇస్తుంది, బలాన్ని ఇవ్వదు.

మరొక మాట. ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడో అమ్మేటప్పుడో చెదలు తిన్న గుమ్మం మీద లప్పం పెట్టి రంగు వేయించడం మామూలైపోయింది. అది మరమ్మతు కాదు, ఎదుటివారి సొమ్ముకు చేసే మోసం. లోపం బాగుచేయాలి, లేదా ఉన్నదున్నట్టు చెప్పాలి. మనం ఇతరులకు ఇచ్చే పాత మంచాలు, బీరువాలు, తలుపుల విషయంలోనూ ఇదే లెక్క. పుచ్చిన కోడు మీద రంగు వేసి ఇచ్చిన మంచం విరిగితే కింద పడేది ఒక ముసలి ప్రాణమో, పసి ప్రాణమో. ఇచ్చే ముందు ఒకసారి పొడిచి చూసి, తట్టి చూసి, కీళ్ళు బిగించి ఇస్తే, అది పుచ్చుకున్నవారి ఇంట్లో పదేళ్ళు నిలుస్తుంది.

మా వెనుక గుమ్మం ఇప్పుడు మూడు వానాకాలాలు చూసింది. నేల వాలు సరిచేయించాం, అడుగున ఎపాక్సీ పెట్టాం, ఏడాదికొకసారి రంగు తాకుతాం. ఇప్పటికీ వానలు మొదలయ్యే ముందు స్క్రూడ్రైవర్ పట్టుకొని ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాం. మీరూ తిరగండి. ఆ పనికి అరగంట చాలు.