పాత ఇంజనుకు పదును: చిరంజీవికి ఒక లేఖ

హోసూరు



కృష్ణగిరిలో ఎవరో మూలపడవేసిన ఇండ్-సుజుకీ బండిని కొంటివనియు, సైలెన్సరు లోపలి భాగమును కోయించినచో వేగము పెరుగునని స్నేహితులు చెప్పుచున్నారనియు వ్రాసితివి. కోయింపకుము. బండి కొన్నందుకు మాత్రము నాకు మిక్కిలి సంతోషము, ఏలయన ఆ ఇంజను మన యూరిది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్‌ను వెలువరించిన హోసూరు కర్మాగారము, జపానుదేశపు సుజుకీ సంస్థతో చేయి కలిపి, 1984లో ఈ నూరు సీసీల బండిని దేశమునకు అందించినది.

టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టనే సిలిండరు గోడలోని పోర్టులను మూయుచు తెరచుచుండును. కావున కాలిన వాయువు వెడలు ద్వారమగు ఎగ్జాస్టు పోర్టు గుండనే కాలని క్రొత్త పెట్రోలు-గాలి మిశ్రమము కూడ కొంత జారిపోవుచుండును. వెడలిన వాయువు సైలెన్సరు గొట్టములో పుట్టించు పీడన తరంగము, గొట్టము సన్నబడిన చోట తాకి మరలి, పోర్టు మూతపడుటకు లిప్తకాలము ముందు వచ్చి చేరినచో, జారిపోవుచున్న మిశ్రమమును తిరిగి లోనికి నెట్టును. ఈ విద్యను సాధించి, 1961 నాటికి 125 సీసీల ఇంజను నుండి 25 అశ్వశక్తులు రాబట్టినవాడు తూర్పు జర్మనీలోని ఎంజెడ్ సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఆ యేడే అతని రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ పందెము వేళ దేశము విడిచి, ఆ విద్యతో సుజుకీ పక్షము చేరెను. మరుసటి యేడు 50 సీసీల ప్రపంచ విజేతృత్వము సుజుకీకి దక్కెను. నీ బండి ఆ విద్యావంశమునకు చెందినది. కొలత యెరుగక కోసినచో శబ్దము హెచ్చును, తరంగము చెడును. అంతకు మించి ఒరుగునది లేదు.

మొదట బండిని పుట్టుకనాటి స్థితికి తెమ్ము. క్రాంక్ సీళ్ళు ఎండి పగిలిన ఇంజను దొంగచాటుగా గాలి పీల్చును. అట్టిదానికి కార్బురేటరు జెట్లు మార్చుచు నెలలు గడిపినను ప్రయోజనము లేదు. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, ఘనపరిమాణము 98 సీసీలు. అర మిల్లీమీటరు పెంచి బోరు వేయించినను అది 100 సీసీలే యగును. కావున బోరు వేయించుట అరిగిన గోడను సరిచేయుటకే గాని బలము పెంచుటకు గాదు.

బలము పోర్టులలో నున్నది. ఎగ్జాస్టు పోర్టు పై అంచును ఒక్క మిల్లీమీటరు ఎత్తినచో హెచ్చు వేగమున ఇంజను విజృంభించును. అయితే సంపీడనము తగ్గి, చెరకు బండి వెనుక రెండవ గేరులో నెమ్మదిగా పోవలసినపుడు నీరసించును. కర్మాగారపు ఇంజనీర్లు పాలవానికిని, గుమాస్తాకును, ఇద్దరు పిల్లలతో పోవు సంసారికిని పనికివచ్చునట్లు ఒక రాజీ కుదిర్చిరి. ఆ రాజీలో నీవు దేనిని వదలుకొన సిద్ధముగా నున్నావో తేల్చుకొనిన పిమ్మటనే దానిని కదలింపవలెను. పోర్టు వెడల్పును బోరు వ్యాసములో 65 శాతము దాటనీయకుము. దాటినచో పిస్టన్ రింగు అందులోనికి ఉబికి విరుగును. రుద్దిన అంచులను నునుపు చేయక సిలిండరు బిగింపకుము. ఒక మారు ఒక్క మార్పే చేసి, ఫలితమును పుస్తకములో వ్రాసికొనుము.

ఇక మన నేల సంగతి. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచటి గాలి తీరప్రాంతపు గాలి కంటె సుమారు 8 శాతము పలుచన. ఇచట పెట్రోలు చాలీచాలని అంచున సరిచేసిన మెయిన్ జెట్టుతో శూలగిరి మీదుగా కృష్ణగిరికి దిగినపుడే మిశ్రమమున పెట్రోలు పాలు కొంచెము తగ్గును. చెన్నై వైపు మైదానమునకు దిగి పూర్తి థ్రాటిల్ ఇచ్చినచో పిస్టన్ వేడెక్కి సీజగు ప్రమాదము కలదు. కావున జెట్టు ఒక మెట్టు పెద్దదిగానే ఉంచుము. పెట్రోలులోనే ఆయిలు కలుపు బండికి మరియొక గండమున్నది: దిగుడు బాటలో థ్రాటిల్ మూసి గేరుతోనే దిగునపుడు ఇంజను తిరుగుచునే యుండును, ఆయిలు మాత్రము అందదు. అపుడపుడు క్లచ్చి పట్టి కొంచెము థ్రాటిల్ ఇచ్చుచుండుము. పూర్తి థ్రాటిల్‌లో ఇంజను ఆపి ప్లగ్గు విప్పి చూడుము; తెల్లగా నున్నచో పెట్రోలు చాలదు, మసిబారినచో మితిమీరినది, కాఫీ రంగున్నచో చాలును.

ఈ పరీక్షలు రహదారిపై చేయవలదు. రిజిస్ట్రేషను వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. బడిపిల్లలు నడచు దారిలో పగిలిన సైలెన్సరు మ్రోగించుట నాకును సమ్మతము గాదు. ట్యూన్ చేసిన ఇంజనుకు తగిన చోటు శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలోని పందెపు ట్రాకు.

సిలిండరు ఊడదీసి, బోరు లోపల పలుచని కాగితము చుట్టి, పోర్టుల అంచులపై పెన్సిలు రుద్ది ఆ ముద్రను నాకు పంపుము. ఆకురాయి ఎచట తగిలింపవలెనో, ఎచట తగిలింపరాదో దానిపైననే గీసి తిరుగుటపాలో పంపెదను.

ఇట్లు,
నీ పెద్దనాన్న