ఎముక కంతికి కొలతపట్టీ

తుంటి యెముకలో క్యాన్సరు కంతి పుట్టినచో దానిని తొలగించుట శస్త్రవైద్యునకు సైతము కఠినకార్యము. అచట ఎముక వంపులు తిరిగియుండును. చేరువనే పెద్ద రక్తనాళములు, నరములు కలవు. ఎక్కువ కోసిన నడక చెడును, తక్కువ కోసిన వ్యాధి మిగులును.

ఇపుడు సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములనుబట్టి ఆ రోగి యెముకకే సరిపడు పట్టీని త్రీడీ ముద్రణ యంత్రముపై నైలానుతో పొరపొరగా తయారుచేయుచున్నారు. ఎముకపై అది తనకు తగిన చోటనే కుదురుకొనును. దాని చీలికవెంట రంపమును నడుపుదురు. వడ్రంగి గీత గీసి కోయుట వంటిదే యిది. పట్టీని సరిగా అమర్చు నేర్పు మాత్రము వైద్యునిదే.

పట్టీ సిద్ధమగుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఈలోగా కంతి పెరిగినచో పాత కొలత చెల్లదు. కావున గ్రామమున ఎవరికైనను రాత్రివేళ ఎముక నొప్పి వీడకున్నను, వాపు పెరుగుచున్నను, పంచాయతీ సభ్యులు కట్టులతో కాలము గడపనీయక వారిని జిల్లా ఆసుపత్రికి పంపవలెను. అట్టి వాపును మర్దన చేయింపరాదు.